పెళ్లికెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లిన సాహసయాత్ర

ఆర్కిటిక్‌లో బతికి బట్టకట్టే విద్యలో మొదటి పాఠం అక్కడికి వెళ్లకపోవడం. ఈ పాఠం కాస్త ఆలస్యంగానైనా బాగా ఒంటబట్టించుకున్న మహానుభావుడు ధ్రువ అన్వేషకుడు విల్యాల్మర్ స్టెఫాన్సన్. 1921లో ఆయన ఆర్కిటిక్ మన స్నేహితుడే అని చాటుతూ లావుపాటి పుస్తకం అచ్చేశారు. తుపాకీ పట్టడం తెలిసినవాడికి ఆ మంచు అంతా వంటిల్లేనట. అదే ఏడాది సైబీరియాకు ఉత్తరాన ఉన్న రాంగెల్ ద్వీపానికి నలుగురు యువకుల్ని పంపి, తాను ఆగిపోయారు. వంటింటి గురించి అంత బాగా రాసినవాణ్ణి పట్టుకుని పొయ్యి కూడా ఊదమనడం మన అత్యాశ.

ఆయనకు అనుభవం లేదనుకునేరు. 1913లో ఆయన నాయకత్వంలో బయల్దేరిన కార్లుక్ ఓడ మంచులో ఇరుక్కుంటే, జింకల్ని వేటాడి తెస్తానని దిగి వెళ్లారు. ఓడ మంచుతోపాటే కొట్టుకుపోయి 1914 జనవరిలో మునిగింది. ప్రాణాలతో మిగిలినవాళ్లు చేరుకున్నది ఈ రాంగెల్‌కే. మొత్తం 11 మంది పోయారు. అప్పుడు బతికి బయటపడ్డ ఫ్రెడ్ మౌరర్ 1921లో మళ్లీ అక్కడికే బయల్దేరాడు. స్నేహం అంటే అదీ!

ఇక సరంజామా. తిండి ఆరు నెలలకు సరిపడా. ఆపైన వంటింట్లో దొరుకుతుంది కదా. నాయకుడు క్రాఫర్డ్ వయసు 20, అందరికన్నా చిన్నవాడు గాలేకు 19. మరో ఇద్దరు నైట్, మౌరర్. సాయంగా అలాస్కా మూలవాసులైన ఇనూపియాట్ కుటుంబాలు వస్తామని చెప్పి, ఆఖరి ఘడియలో తప్పుకున్నాయి. ఆర్కిటిక్‌తో వాళ్లకు పాత పరిచయం మరి. వచ్చింది ఏడా బ్లాక్‌జాక్ అనే ఒక్క ఇనూపియాట్ యువతి. కుట్టుపని, నెలకు 50 డాలర్లు. అలాస్కా పట్టణం నోమ్‌లో వదిలొచ్చిన కొడుక్కి క్షయ, వైద్యానికి డబ్బు కావాలి. వీళ్లతోపాటు విక్ అనే పిల్లికూన. సామెత తెలియక తీసుకెళ్లారు, పాపం.

కుట్టుమనిషి దేనికని వీరులు నవ్వవచ్చు. చలిలో మనిషిని మొదట దెబ్బతీసేది చెమట. ఒళ్లు తడిస్తే బట్ట గడ్డకడుతుంది, ఆగిన మరుక్షణం ఒంట్లో వేడంతా లాగేస్తుంది. అందుకే వదులుగా, గాలి ఆడేలా కుట్టిన బొచ్చుతోలు చొక్కా కావాలి. తోలు బూట్ల కుట్టుకు నూలుదారం పనికిరాదు. జంతువు వీపు స్నాయువును ఎండబెట్టి చీల్చిన పోగు కావాలి. అది తడిస్తే ఉబ్బి సూదిబెజ్జాన్ని మూసేస్తుంది, లోపలికి నీరు రాదు. ఒక్క కుట్టు ఊడినా కాలివేలు పోయినట్టే. ఇదంతా సాహసగాథల్లో అధ్యాయానికి నోచుకోదు. సూది పేలదు కదా.

పేలే తుపాకీ సంగతి చూద్దాం. వేసవి మొదట్లో సీల్ ఒంటి కొవ్వు తగ్గిపోయి ఉంటుంది. పైగా మంచు కరిగి సముద్రం పైపొర నీళ్లలో ఉప్పు పలచబడుతుంది. గురి తప్పకుండా కాల్చినా సీల్ రాయిలా మునుగుతుంది, క్షణాల్లో అందుకోవడానికి తేలికపాటి పడవ లేకపోతే తూటా ఖర్చే మిగులుతుంది. వంటింట్లో అల్మరా తాళం ఇలా ఉంటుంది.

1922 వేసవిలో సరుకులు తేవాల్సిన ఓడను మంచు రానివ్వలేదు. 1923 జనవరి 28న క్రాఫర్డ్, మౌరర్, గాలే సాయం తెస్తామంటూ కుక్కబండితో సైబీరియా వైపు మంచు మీదుగా నడిచారు. దగ్గరి దారే సుమారు 140 కిలోమీటర్లు. సముద్రం మీది మంచు నేల కాదు, గాలి మారితే నిలువునా చీలుతుంది. ముగ్గురూ మళ్లీ ఎవరికీ కనబడలేదు.

గుడారంలో మిగిలిన నైట్‌కు, విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ జబ్బు ముదిరింది. తాజా మాంసంలోనూ విటమిన్ సి ఉంటుంది, కాకపోతే పచ్చిగానో పైపైన ఉడికించో తినాలి. మెత్తగా ఉడకబెడితే మిగిలేది చాలా తక్కువ. అసలు మాంసమే దొరకకపోతే ఈ ఉపన్యాసం ఎందుకూ కొరగాదు. జూన్‌లో నైట్ పోయాడు.

ఇప్పుడు ఏడా సంగతి. 'ఆమె అక్కడి మనిషి, వేట పుట్టుకతోనే వస్తుంది' అని సర్దిచెప్పుకునేవాళ్లకు మనవి: మిషనరీల దగ్గర పెరిగిన ఆమెకు వచ్చింది కుట్టు, వంట, ఇంగ్లీషు, బైబిలు. వేట రాదు. ధ్రువపు ఎలుగంటే వణుకు. రోగికి సేవ చేస్తూనే కట్టెలు కొట్టింది, నక్కలకు ఉచ్చులు పెట్టడం నేర్చుకుంది, తుపాకీ పేల్చడం సాధన చేసింది. ఎలుగుల్ని దూరం నుంచే పసిగట్టేందుకు గుడారం పక్కన మంచె కట్టుకుంది. పడవ లేదన్న లోటు తీర్చడానికి, సముద్రం ఒడ్డుకు తెచ్చిన కొయ్యలతో చిన్న పడవ చేసుకుంది. 1923 ఆగస్టులో ఓడ వచ్చేసరికి ద్వీపంలో ప్రాణాలతో ఉన్నది ఆమె, చంకనెత్తుకొచ్చిన ఆ పిల్లి. ఆమెను వెనక్కి తెచ్చిన ఓడ నాయకుడు హెరాల్డ్ నోయిస్ తర్వాత పత్రికలకెక్కి, నైట్‌ను ఆమె సరిగా చూసుకోలేదని ఆరోపించాడు. నలుగురు మగవాళ్ల లెక్క ఎవరో ఒకరు అప్పజెప్పాలి కదా, మిగిలింది ఆమే.

స్టెఫాన్సన్ గారు 1925లో ఈ యాత్ర మీదా ఒక పుస్తకం వెలువరించారు. 1928లో మాంసం ఒక్కటే తిని ఏడాదిపాటు ఆరోగ్యంగా ఉండవచ్చని రుజువు చేయడానికి నిజంగానే నడుం కట్టారు, న్యూయార్క్ నగరంలో, బెల్‌వ్యూ ఆసుపత్రి వైద్యుల పర్యవేక్షణలో. మొదట్లో కొవ్వు లేని మాంసం పెట్టేసరికి రెండుమూడు రోజుల్లోనే వికారం, విరేచనాలు పట్టుకున్నాయి. వెంటనే కొవ్వున్న స్టేకులు, బేకన్ కొవ్వులో వేయించిన మెదడు వడ్డించారు. కోలుకున్నారు. ఓడ కోసం ఎదురుచూడాల్సిన పనే పడలేదు.