రెండు సెప్టెంబర్ 17లు: ముకల్లాలోనూ హైదరాబాదులోనూ కూలింది ఒకే కట్టడం

1967 సెప్టెంబర్ 17. దక్షిణ అరేబియా తీరంలో, ఇప్పటి యెమెన్‌లో ఉన్న ముకల్లా రేవుకు ఓ ఓడ వచ్చింది. అందులో ఉన్నది ఆ రాజ్యాన్ని ఏలుతున్న సుల్తాన్ గాలిబ్ అల్ ఖుఐతీ, పంతొమ్మిదేళ్ల కుర్రవాడు. జెనీవా వెళ్లి, సౌదీ మీదుగా ఇంటికి వస్తున్నాడు. తీరా వచ్చేసరికి ఊరు, బ్రిటన్ మీద తుపాకీ పట్టిన నేషనల్ లిబరేషన్ ఫ్రంట్ చేతికి పోయింది. సొంత రాజధానిలో కాలు మోపకుండానే వెనక్కి మళ్లి సౌదీలో తలదాచుకోవలసి వచ్చింది. ఆ కుటుంబాన్ని కాపాడతామని 1888లో సంతకం చేసిన బ్రిటన్ అప్పటికింకా అదే తీరంలోని తన స్థావరం ఏడెన్ రేవులోనే ఉంది. చూస్తూ ఊరుకుంది.

సెప్టెంబర్ 17 అంటే తెలంగాణలో ప్రతి ఒక్కరికీ వేరే సంగతి గుర్తొస్తుంది. తేదీ కలవడం యాదృచ్ఛికమే. కానీ ఆ రెండు రోజుల్లో కూలింది మాత్రం ఒకే కట్టడం. దాని పునాది మన గడ్డ మీదే పడింది.

ఎర్ర సముద్రంలో నౌకల మీద క్షిపణులు పడినప్పుడల్లా, యెమెన్‌లో కొత్త పోరు మొదలైనప్పుడల్లా లండన్ నుంచి ఒక పాత వాదన లేస్తుంది. బ్రిటన్ ఏడెన్‌ను తొందరపడి వదిలేసిందనీ, ఇంకొంత కాలం ఉండి ఉంటే కథ వేరుగా ఉండేదనీ. నేను ఒప్పుకోను. అసలు తప్పు వెళ్లిపోవడంలో లేదు. 128 ఏళ్లు ఉన్న తీరులో ఉంది.

1839 జనవరి 19న ఈస్టిండియా కంపెనీ నౌకాధికారి కెప్టెన్ హేన్స్ ఏడెన్‌ను పట్టుకున్నాడు. అందుకు చూపిన సాకు మద్రాసుకు చెందిన ఓ ఓడ. 'దరియా దౌలత్' అనే ఆ ఓడ 1837లో ఏడెన్ దగ్గర ఒడ్డుకెక్కితే స్థానికులు దోచుకున్నారు. అసలు కావలసింది ఆవిరి ఓడలకు బొగ్గు నింపుకునే చోటు. రేవు దొరికింది. ఇక దాని వెనకున్న నేలనేం చేయాలి? దాన్ని పాలించాలంటే ఖర్చు. వదిలేస్తే తుర్కులు వచ్చి కూర్చుంటారు. అందుకే హైదరాబాదులో అప్పటికే పని చేసి చూపిన ఉపాయాన్ని అక్కడికీ పట్టుకెళ్లారు.

1798లో నిజాంతో కుదిరిన సైన్య సహకార ఒప్పందం మన పదో తరగతి పిల్లలకు కూడా తెలుసు. బయటివాళ్లతో సంబంధాలు మా అనుమతి లేకుండా పెట్టుకోకు, నీ గద్దెకు మేం కాపలా. ఆ కాపలా ఖర్చు కిందే 1800లో రాయలసీమ దత్తమండలాలై కంపెనీకి పోయింది. అరేబియాలో భూమి అడగలేదు, ఎదురు డబ్బిచ్చారు. అంతే తేడా. ఏడెన్ పక్కనున్న లహేజ్ సుల్తాను మొదలుకొని ఒక్కో తెగ పెద్దకు భరణం, తుపాకులు, హోదాను బట్టి ఫిరంగి సలామీ. నిజాంకు 21, ముకల్లా సుల్తానుకు 9. ఏ పరాయి రాజ్యంతోనూ బ్రిటిష్ వారి అనుమతి లేకుండా మాట్లాడకూడదన్న షరతు మామూలే. ఈ ఒప్పందాలకు ఆమోదముద్ర వేసింది భారత వైస్రాయే. ఏడెన్ 1932 దాకా బొంబాయి ప్రభుత్వం కింద, 1937 దాకా భారత ప్రభుత్వం కింద ఉంది. అక్కడ చెల్లిన నాణెం రూపాయి. బ్రిటిష్ వారి మీద తిరగబడ్డ వాసుదేవ్ బల్వంత్ ఫడ్కేను పంపిన జైలు ఉన్నదీ ఏడెన్‌లోనే. 1883లో అక్కడే ప్రాణం విడిచాడు.

ఈ పద్ధతిలో విషం ఎక్కడుందంటే, కాపలా పొందిన రాజుకు తన ప్రజలతో పని ఉండదు. మామూలు రాజు పన్ను మరీ పిండితే తిరుగుబాటు వస్తుందని జంకుతాడు. ఊరి పెద్దలతో రాజీ పడతాడు, నలుగురి మాట వింటాడు. గద్దె వెనక పరాయి సైన్యం నిలబడి ఉంటే ఆ జంకు పోతుంది. వెట్టి చాకిరి మీదా, దేశ్‌ముఖుల గడీల మీదా నిజాం రాజ్యం అన్ని దశాబ్దాలు ఎలా నిలిచింది? సికింద్రాబాదులో బ్రిటిష్ కంటోన్మెంటు ఉంది గనక. అది లేకుండా పోయాక 1948లో హైదరాబాదు అయిదు రోజులు కూడా నిలవలేదు. భద్రతా మండలి తలుపు తట్టినా లాభం లేకపోయింది. 1967లో దక్షిణ అరేబియా సుల్తాన్లూ అంతే. వేసవి చివర్లో కొన్ని వారాల్లోనే ఒకరి వెనక ఒకరు పడిపోయారు. వాళ్లను కాపాడడానికి వాళ్ల జనంలో చెప్పుకోదగ్గ సంఖ్యలో ఎవరూ ముందుకు రాలేదు. ఎందుకు వస్తారు?

బ్రిటన్ చేసిన మంచి అసలే లేదని నేననను. 1937 ప్రాంతంలో ఇంగ్రామ్స్ అనే అధికారి ముకల్లా ఉన్న హద్రమౌత్ ప్రాంతంలో వెయ్యికి పైగా తెగల నాయకులను ఒప్పించి, తరాలుగా నడుస్తున్న పగలకు తెర దించాడు. గొప్ప పనే. 1954లో లిటిల్ ఏడెన్‌లో రిఫైనరీ లేచింది. ఆ దశాబ్దంలో ఓడలకు ఇంధనం నింపే రేవుల్లో ఏడెన్ ప్రపంచంలోనే ముందు వరసలో నిలిచింది. కానీ ఈ సంపద నిలిచింది రేవు గోడల లోపలే. పక్కనున్న రద్‌ఫాన్ కొండల్లోని గిరిజనులకు దక్కింది 1964లో రాయల్ ఎయిర్‌ఫోర్స్ బాంబులు.

ఇక తొందరపాటు సంగతి. ఏడెన్ శాసన మండలిలో ఎన్నికైన సభ్యులు మొదటిసారి కూర్చున్నది 1955లో, అదీ నలుగురే. 1959 ఎన్నికల్లో, ఆ రేవును మోసిన ఉత్తర యెమెన్ కార్మికులకు ఓటే లేదు. చాలామంది ఎన్నికలను బహిష్కరించారు. అదే ఏడాది కొందరు సుల్తాన్లనూ అమీర్లనూ కలిపి ఫెడరేషన్ కట్టారు. ఆ పై ఏడెన్ జనం వద్దంటున్నా 1963 జనవరిలో ఆ ఊరిని అందులో కలిపారు. కార్మిక సంఘాల నగరాన్ని తెచ్చి సుల్తాన్ల కూటమికి కట్టేస్తే ఏమవుతుంది? ఆ డిసెంబరులో ఏడెన్‌లోని ఖోర్‌మక్సర్ విమానాశ్రయంలో బ్రిటిష్ హైకమిషనర్ మీద గ్రెనేడ్ పడింది. 1966 ఫిబ్రవరిలో బ్రిటిష్ రక్షణ పత్రం, స్థావరం ఖాళీ చేస్తున్నాం, తర్వాత రక్షణ ఒప్పందం కూడా ఉండదు అని తేల్చేసింది. 1967 నవంబర్ 29న చివరి సైనికులు వెళ్లిపోయారు. ఇంకో పదేళ్లుంటే ఇంకో పదేళ్ల భరణాలే అందేవి. ఆ చెట్టుకు వేరే కాయ కాయదు.

మనం బతికి బట్ట కట్టామంటే 1947లో బ్రిటన్ మనకేదో మర్యాద చేసినందుకు కాదు. సంస్థానాల మీద తన పరమాధికారం రద్దయిందని ఒక్క మాటతో 560కి పైగా సంస్థానాలను గాలికి వదిలింది. ఆ ముక్కలను ఏరి కలపడానికి ఇక్కడ కాంగ్రెస్ ఉంది, పటేల్, వి.పి. మీనన్ ఉన్నారు, 1920 నుంచే ఎన్నికైన మంత్రులను చూసిన మద్రాసు వంటి రాష్ట్రాలున్నాయి. అయినా తెలంగాణ ఎంత నెత్తురు చూసిందో మనకు తెలుసు. దక్షిణ అరేబియాలో అలాంటి వారసత్వం ఏదీ పెరగనివ్వలేదు. తుపాకీ ఉన్నవాడికే రాజ్యం దక్కింది.

ముకల్లాను ఏలిన ఖుఐతీల సంగతి నన్ను మరీ పట్టుకుంది. ఆ వంశం పుట్టింది హద్రమౌత్‌లోనే అయినా లేచింది హైదరాబాదులో. ఉమర్ బిన్ అవద్ నిజాం కొలువులో అరబ్బు సైన్యానికి జమాదారు. దక్కన్ డబ్బుతోనే కొడుకులు అక్కడ కోటలు కొన్నారు, రేవులు పట్టుకున్నారు, 1881లో ముకల్లాను గెలిచారు. అంటే తెలంగాణ రైతు కట్టిన శిస్తులో కొంత అరేబియా తీరంలో సుల్తాను కోట గోడగా మారింది. ఆ వంశపు సుల్తాన్ సాలేహ్ గద్దెనెక్కకముందు ఏళ్ల తరబడి హైదరాబాదులోనే ఉన్నాడు. ఆ ఇల్లు 1948 తర్వాత ఇక్కడి జాగీర్లనూ, 1967లో అక్కడి రాజ్యాన్నీ పోగొట్టుకుంది.

ప్రతి సెప్టెంబరులో మనం ఆ రోజును విమోచన అనాలా, విలీనం అనాలా, సమైక్యత అనాలా అని కొట్టుకుంటాం. పేరు ఏదైనా పెట్టుకోండి. ఒక గద్దెను నూటయాభై ఏళ్లు ప్రజలకు జవాబుదారీ కాకుండా నిలిపిన ఆ ఒప్పందం గురించి ఒక్క వేదిక మీదా ఎవరూ నోరెత్తరు. తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖ భవనంలో నిజాం సర్కారు దస్తావేజులు ఉన్నాయి. అరబ్బు జమాదార్ల చరిత్రను వాటిలోంచి తవ్వి మన విశ్వవిద్యాలయాలు తెలుగులో రాయించాలి.

బార్కస్ వెళ్లి చూడండి. బ్యారక్స్ అన్న మాటే మన నోళ్లలో బార్కస్ అయింది. నిజాం అరబ్బు సైనికులుండిన చోటు. ఇప్పటికీ పొద్దున్నే లుంగీలు కట్టిన పెద్దలు హరీస్ తింటూ కనిపిస్తారు. చుట్టుపక్కల వాళ్లు చావూష్‌లంటారు. పోలీసు చర్య తర్వాత వాళ్ల వాళ్లను ఎందరినో నిర్బంధించి, కొందరిని ఓడలెక్కించి, చాలామంది అసలెన్నడూ చూడని హద్రమౌత్‌కు పంపించారు. ఇరవై ఏళ్లు తిరక్కుండానే అక్కడా సుల్తాను లేడు, ఒప్పందం లేదు.