ఫోన్‌లో రేటు ఒకటే, చేతికొచ్చేది ఒకటేనా?

(గుంటూరు మిర్చి యార్డు బయట టీ కొట్టు దగ్గర. బాబాయ్ రైతు, కిరణ్ హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి.)

కిరణ్: ప్రపంచీకరణ పేదోణ్ణి ముంచిందంటే ఒప్పుకోను బాబాయ్. 1990లో ప్రపంచ జనాభాలో మూడో వంతుకు పైగా కటిక పేదరికంలో ఉండేవాళ్లు, 2019కి అది దాదాపు పదో వంతుకి దిగింది. చైనా వాళ్లు కొనకపోతే మన తేజ మిర్చికి ఆ మాత్రం రేటైనా వచ్చేదా?

బాబాయ్: వచ్చేది కాదు. కానీ పేదరికం తగ్గడం వేరు, ఉన్నోడికీ లేనోడికీ తేడా పెరగడం వేరురా. ఫ్రాన్స్ ఆర్థికవేత్త పికెట్టీ, ఆయనతో పనిచేసే వాళ్లు 2024లో వేసిన లెక్క చూడు. 2022-23లో దేశం మొత్తం ఆదాయంలో 22.6 శాతం పైనున్న ఒక్క శాతం మందికే పోయింది.

కిరణ్: ఆ తేడా కంప్యూటర్ల వల్ల వచ్చింది, ఆ పని నేర్చుకున్నోడికి జీతం ఎక్కువే వస్తుంది. నేను కష్టపడి చదివా.

బాబాయ్: చదివావు, ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో.

కిరణ్: ర్యాంకు కూడా గవర్నమెంటే తెచ్చిందా? ప్రతిసారీ ఇదే ఎత్తుతావు! పోయినేడు ఫోన్‌లో రేటు చూసుకుని, సరుకు కోల్డ్ స్టోరేజీలో ఆపి, పెరిగాక అమ్మింది నువ్వు కాదా? అది టెక్నాలజీ కాదా?

బాబాయ్: నేనే. అందుకే చెప్తున్నా. మన పక్క పొలం కౌలు రైతు దగ్గరా అదే ఫోన్ ఉంది, అదే రేటు కనపడింది, కానీ కౌలు కట్టాలి, పురుగుమందుల కొట్టులో బాకీ తీర్చాలి, అందుకని కోసిన వారంలోనే అమ్మేశాడు. ఆగగలిగినోడికి ఫోన్ డబ్బు తెచ్చింది, ఆగలేనోడికి ఎంత పోయిందో మాత్రం చూపించింది. ఇక చైనా ఆర్డరు ఆగిందంటే ముందు ఖాళీగా కూర్చునేది కిలో లెక్కన తొడిమలు తీసే ఆడవాళ్లే, ఎగుమతిదారు కాదు. పైన పోగైనదాన్ని కిందికి తేవాల్సింది పన్ను. చనిపోయినవాళ్ల ఆస్తి మీద పన్ను 1985లో ఎత్తేశారు, సంపద పన్ను 2015లో, కంపెనీ పన్ను 2019లో మినహాయింపులు వదులుకుంటే 30 నుంచి 22కి దించారు. ఇందులో కంప్యూటర్ చేసిందేముంది?

కిరణ్: సంపద పన్ను వసూలయ్యేదే ఏడాదికి వెయ్యి కోట్లు! బదులుగా కోటి దాటిన ఆదాయం మీద సర్‌చార్జీ, అంటే పన్ను మీద అదనపు పన్ను, పెంచారుగా.

బాబాయ్: అది ఏటా వచ్చే ఆదాయం మీద. కూడబెట్టిన ఆస్తి మీద ఏదీ?

కిరణ్: వేస్తే నీ పొలం మీదా పడుతుంది.

బాబాయ్: పదికోట్లు దాటినోళ్లకి వేయమను. నా రెండెకరాలు అక్కడిదాకా పోవు.