చిలుకూరు ప్రదక్షిణలు: థీసిస్ కమిటీలకు ఒక వినతి

అమెరికా కళాశాలల్లో మత అధ్యయన శాఖ విద్యార్థులు నాలుగో ఏట రాసే సీనియర్ థీసిస్‌కు మన తెలుగు కుటుంబాలలో దక్కవలసిన గౌరవం ఇంకా దక్కలేదు. అమ్మాయి ఆ శాఖలో చేరిందనగానే "ఏమిటి, పౌరోహిత్యమా?" అని అడిగే బంధువులకు, ఆ చదువుకూ భక్తికీ సంబంధం లేదని, ఉండకూడదని కూడా ముందుగా మనవి చేసుకోవాలి. 1963లో అక్కడి సుప్రీంకోర్టు ప్రభుత్వ బడుల్లో భక్తితో చేసే బైబిలు పఠనాన్ని కొట్టివేస్తూనే, మతాన్ని నిష్పాక్షికంగా అధ్యయనం చేయడానికి అభ్యంతరం లేదని చెప్పింది. భక్తికీ అధ్యయనానికీ నడుమ అలా గీసిన సన్నని గీతను తొక్కకుండా వంద పేజీలు నడిచి రావడమే థీసిస్.

పోర్ట్‌ల్యాండ్‌లోని రీడ్ కళాశాలలోనైతే ఏ శాఖ వారికైనా థీసిస్ లేనిదే పట్టా లేదు. రాత ముగిశాక ఊరేగింపు కూడా తీస్తారు. ఉత్సవాల సామాజిక స్వభావాన్ని ఏడాదిపాటు విశ్లేషించిన విద్యార్థి ఆ ఊరేగింపులో కేకలు వేస్తూ నడవడాన్ని మాత్రం విశ్లేషణ కింద లెక్కించరు.

న్యూజెర్సీలో పుట్టి పెరిగిన ఒక తెలుగమ్మాయి, హైదరాబాద్ శివార్లలో వీసాల దేవుడిగా పేరుపడ్డ చిలుకూరు బాలాజీని అంశంగా ఎంచుకుందనుకుందాం. వేసవిలో అమ్మమ్మ దగ్గరికి వెళ్లడానికి కళాశాలే విమానం ఖర్చు భరించడం కేవలం యాదృచ్ఛికం. అసలు వెళ్లవలసిన అవసరమే లేదని ఈ శాస్త్రపు పెద్దలు ఏనాడో నిరూపించారు: ఆస్ట్రేలియా ఆదివాసుల మతం ఆధారంగా 1912లో మహాసిద్ధాంతం కట్టిన ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త దుర్ఖైమ్ ఆస్ట్రేలియా మొహం చూడలేదు, సాయణ భాష్యంతో సహా ఋగ్వేదాన్ని అచ్చు వేయించిన మాక్స్ ముల్లర్ భారతదేశంలో అడుగు పెట్టలేదు. మతమనేది పండితుడి అధ్యయనంలో పుట్టిన కల్పనేనని 1982లో అమెరికా మత చరిత్రకారుడు జొనాథన్ స్మిత్ తేల్చి పారేశాడు కూడా. ఆ సంగతి గర్భగుడి చుట్టూ తిరుగుతున్న జనానికి ఇంకా చేరలేదు.

వెళ్లడానికి కావలసినది భక్తి కాదు, అనుమతి. అమెరికాలోని టస్కెగీలో సిఫిలిస్ సోకిన నల్లజాతి పురుషులకు 1932 నుంచి 1972 దాకా సరైన చికిత్స అందకుండా చేసిన దారుణం బయటపడ్డాక, మనుషుల మీద జరిగే పరిశోధనను అదుపు చేస్తూ 1974లో చట్టం వచ్చింది. రావలసిన చట్టమే. కాకపోతే దాని ఛాయ ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో కూరగాయలు తరుగుతున్న అమ్మమ్మ మీద కూడా పడింది. మనవరాలు అంగీకార పత్రం ముందు పెట్టగానే ఆవిడ కత్తిపీట పక్కకు జరిపి, "సంతకం దేనికే తల్లీ, ఇల్లు నీ పేరున రాయమంటావా?" అని అడుగుతుంది. ఈ పరిశోధన వల్ల మీకు ప్రత్యక్ష ప్రయోజనం ఏదీ లేదని, ఏ క్షణాన్నైనా తప్పుకోవచ్చునని ఆ పత్రంలో ఉంటుంది. నూటెనిమిదింటిలో అరవై మూడో చుట్టు దగ్గర తప్పుకోవడమంటే ఏమిటో ఆవిడకు ఊహకైనా అందదు. అర్చనలో గోత్రమూ నక్షత్రమూ తప్పుపోకుండా చెప్పించుకునే మనిషి, థీసిస్‌లో 'సమాచారదాత 3'గా అవతరిస్తుంది. తన పేరు పుస్తకంలో పడుతుందని పక్కింటావిడకు అప్పటికే చెప్పేసి ఉంటుంది.

ఇక క్షేత్రం. హుండీ లేని గుడి అది. కోరుకునేటప్పుడు పదకొండు, తీరాక నూట ఎనిమిది ప్రదక్షిణలు. లెక్క తప్పకుండా అంకెలు అచ్చు వేసిన చీటీ ఒకటి చేతిలో పెట్టుకుని, చుట్టుకొక గడి చొప్పున కలంతో కొట్టుకుంటూ జనం వడివడిగా సాగుతుంటారు. చెమటకు చీటీ మెత్తబడి కలం దిగబడుతుంటుంది. 'సామూహిక ఉద్వేగం' అని, దుర్ఖైమ్ మాటనే, మన పరిశోధకురాలు నోటు పుస్తకంలో రాసుకుంటుంది. సరిగ్గా అప్పుడే, అమెరికా వీసాకు వెళ్లి, అక్కడి వలస చట్టంలోని 214(బి) సెక్షన్ కింద రెండుసార్లు తిరస్కరణకు గురైన ఒక కుర్రవాడు పక్కనే నడుస్తూ, "అక్కా, మీరు అక్కడి నుంచే వచ్చారు కదా, నిజంగా వస్తుందంటారా?" అని అడుగుతాడు.

ఈ శాస్త్రపు గొప్పతనమంతా ఇక్కడే బయటపడుతుంది. ఆ ప్రాంగణంలో అందరూ అడిగేది అదొక్కటే. థీసిస్‌లో అడగకూడనిదీ అదొక్కటే. వస్తుందంటే భక్తురాలైపోతుంది, రాదంటే హేతువాది అవుతుంది, రెండింటికీ మార్కులు లేవు. అమెరికా వీసా సంగతే పట్టని అమెరికా పాస్‌పోర్టు సంచిలో పెట్టుకున్న ఆ అమ్మాయి, వీసా అనేది పవిత్రతకూ ఆధునికతకూ నడుమ సంప్రదింపులు జరిగే స్థలమని నాలుగో అధ్యాయంలో నిర్ధారిస్తుంది. ఈ నిర్ధారణతో ఆ కుర్రవాడికి ఒరిగేదేమీ లేదని ఆక్షేపించడం భావ్యం కాదు. అంగీకార పత్రంలో ముందే చెప్పారు కదా.

కమిటీలకు నా వినతి ఒక్కటే. మౌఖిక పరీక్షలో ఆచార్యులు "నువ్వు కూడా తిరిగావా?" అని అడిగితే, పాల్గొంటూ పరిశీలించే పద్ధతి ప్రకారం పదకొండు చుట్లు తిరిగానని ఆమె చెబుతుంది. ఆ పదకొండూ ఏ కోరికతో తిరిగిందో పద్ధతుల అధ్యాయంలో ఉండదు గానీ, ఆమె పీహెచ్‌డీకి దరఖాస్తులు పంపిన నెల చూస్తే తెలిసిపోతుంది. అందుచేత కళాశాలలు యాత్రా వ్యయం మంజూరు చేసేటప్పుడే, సీటు వచ్చిన పక్షంలో మిగతా నూట ఎనిమిదింటికి కావలసిన రెండో టికెట్టును కూడా బడ్జెట్టులో చేర్చవలసిందిగా ప్రార్థన.