సవరణ: ఇన్యో కౌంటీలో గది అద్దె పన్ను ఎవరు కడతారు, ఎక్కడికి పోతుంది

కాలిఫోర్నియాలోని ఇన్యో కౌంటీ గురించి రాసిన గత వ్యాసంలో, గదుల మీద వేసే పన్ను "స్థానికుల మీద భారం" అని, అదంతా టూరిజం ప్రచారానికే పోతుందని ఉంది. రెండూ సరికావు.

ఆ పన్ను కట్టేది బస చేసిన అతిథి. మౌంట్ విట్నీ శిఖరం ఎక్కడానికి వచ్చి ఈ కౌంటీలోని లోన్ పైన్ ఊళ్లో రెండు రాత్రులు మోటెల్‌లో ఉంటే, బిల్లులో గది అద్దె కింద విడిగా కనిపించేది అదే. యజమాని వసూలు చేసి కౌంటీకి జమ చేస్తాడు, అంతే. 30 రోజులు దాటి ఉండేవాళ్లకు ఇది వర్తించదు. ఇదే కౌంటీలోని బిషప్‌లో బస చేస్తే మాత్రం ఆ డబ్బు కౌంటీకి రాదు, ఎందుకంటే అది సొంత పాలన ఉన్న నగరం. అక్కడి పన్ను దానిదే.

ఇక ఖర్చు సంగతి. ఫలానా పనికే అని కేటాయించని సాధారణ పన్నుగా ఆమోదం పొందితే ఈ డబ్బు కౌంటీ సాధారణ నిధిలో కలుస్తుంది. రోడ్లకూ వాడొచ్చు, కౌంటీ పోలీసు వ్యవస్థ అయిన షెరిఫ్ విభాగానికీ వాడొచ్చు. కొండల్లో తప్పిపోయిన పర్యాటకులను వెతికించాల్సింది కూడా షెరిఫే కదా! టూరిజానికే కేటాయించాలని కౌంటీ పాలక బోర్డు కొత్త పన్ను ప్రతిపాదిస్తే, 1996లో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన 218వ ప్రతిపాదన ప్రకారం మూడింట రెండు వంతుల ఓటర్లు ఒప్పుకోవాలి. జనం పలచగా ఉన్న చోట అది చిన్న విషయం కాదు. అందుకే ప్రచారానికి డబ్బు కావాలంటే ఏటా బడ్జెట్‌లో మిగతా అవసరాలతో పోటీ పడాల్సిందే.

వ్యాసంలో మిగతా విషయాల్లో మార్పు లేదు.