‘వేడి చేసింది’ అంటే జ్వరం కాదని ఎవరు చెప్తారు?

ఇక్కడ జర్మనీలో మా ఎదురు ఫ్లాట్‌లో ఉండే పెద్దావిడకి ఎనభై ఆరేళ్ళు. రోజూ పొద్దున్న ఏడింటికి కింద ఓ చిన్న తెల్లకారు ఆగుతుంది. నర్సు గబగబా మెట్లెక్కి వచ్చి, ఆవిడ కాళ్ళకి బిగుతు మేజోళ్ళు తొడిగి, మాత్రలు వేసుకున్నారో లేదో చూసి వెళ్ళిపోతుంది. నా కాఫీ అయ్యేసరికి కారు ఉండదు. పిల్లలు ముగ్గురూ వేరే ఊళ్ళలో ఉన్నారు. “అయ్యో, కన్నబిడ్డలుండి కూడా...” అని మొదట్లో నేనూ అనుకున్నాను. ఇప్పుడు అనుకోను.

జర్మన్లు ముసలివాళ్ళని హోముల్లో పడేస్తారన్నది మనం ఇండియాకి ఫోన్ చేసినప్పుడు చెప్పుకునే కథ. 2023 చివరికి జర్మనీలో ఇంకొకరి సాయం అవసరమైనవాళ్ళు దాదాపు 57 లక్షలు. అందులో నూటికి 86 మంది ఇళ్ళలోనే ఉన్నారు, ఎక్కువగా చూసుకునేదీ ఇంటివాళ్ళే. 1995లో మొదలైన ఫ్లేగె బీమా (ఇలాంటి సాయం ఖర్చుకోసం పెట్టిన సంరక్షణ బీమా) కోసం మన జీతంలోనూ కోత పడుతోంది. అయినా అది ఖర్చంతా మోయదు. హోములో చేరితే మొదటి ఏడాది చేతినుంచి పడేది సగటున నెలకి 3,000 యూరోలు దాటింది.

ఇక ఇక్కడి తెలుగువాళ్ళం, మన సంగతి. 2000లో జర్మనీ ఐటీవాళ్ళకిచ్చిన గ్రీన్‌కార్డు మీద వచ్చినవాళ్ళు యాభై దాటారు. ఉగాది సభలో ముందు వరస తలలు చూడండి (రంగేసినవి నేను లెక్కపెట్టలేదు). డిమెన్షియా వస్తే చాలామందికి పెద్దయ్యాక నేర్చుకున్న భాషే ముందు జారిపోతుంది. 1961 ఒప్పందంతో వచ్చిన టర్కీవాళ్ళకి ఇది అనుభవమే. 2006లో బెర్లిన్ క్రోయిట్స్‌బర్గ్‌లో వాళ్ళకోసమే ఓ హోము తెరిచారు. వాళ్ళు లక్షల్లో ఉన్నారు. తెలుగు హోము కడదామంటే సభలో చప్పట్లు పడతాయి గానీ, నాకైతే నమ్మకం లేదు.

నేనడిగేది రెండు కాగితాలు. ఒకటి ఫోర్‌జోర్గెఫోల్‌మాఖ్ట్, అంటే మనం చెప్పలేని స్థితిలో పడితే మన తరఫున ఎవరు నిర్ణయించాలో ముందే రాసిచ్చే అధికార పత్రం. మనూళ్ళో ఆస్పత్రికి కొడుకొచ్చి సంతకం పెడితే పనైపోతుంది. ఇక్కడ ఈ కాగితం లేకపోతే కన్నకొడుక్కీ ఆ హక్కు లేదు, కోర్టు నియమించేదాకా ఆగాలి. భార్యాభర్తలకి 2023 నుంచి కొంత వెసులుబాటు వచ్చింది, అదీ వైద్యం విషయాల్లోనే, ఆరు నెలలే.

రెండోది మన గురించి మనమే జర్మన్‌లో రాసిపెట్టుకునే ఒక్క పేజీ. పెరుగన్నం లేనిదే ఈయనకి భోజనం అయినట్టుండదని రాయాలి. ‘కళ్ళు తిరుగుతున్నాయి’ అంటే కళ్ళ డాక్టరు అక్కర్లేదని, ‘వేడి చేసింది’ అంటే థర్మామీటరుకి దొరకదని రాయాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకి జర్మన్ నేర్పి ఇక్కడికి పంపుతోంది. వాళ్ళలో ఒకరు మన వార్డులోనే ఉంటే అదృష్టం. లేకపోతే ఆ పేజీయే మన తరఫున మాట్లాడాలి.

మన ఉగాది కార్యక్రమంలో పిల్లల ఫ్యాన్సీ డ్రెస్‌కి గంటన్నర ఇస్తున్నాం. అందులోంచి ఓ ముప్పావుగంట ఇప్పించండి. ఫారాలు నేను ప్రింటు తీసుకొస్తాను. పెన్నూ, కళ్ళజోడూ మీరు తెచ్చుకోండి.