బ్రాక్‌స్పియర్‌ని బ్రాక్‌స్పియర్‌లాగే కాయాలి

ఇంగ్లండ్‌లో థేమ్స్ ఒడ్డున ఉన్న హెన్లీ ఊళ్లో బ్రాక్‌స్పియర్ బ్రూవరీ పొయ్యి ఆరిపోయి ఇరవై ఏళ్లు దాటింది. 2002లో అక్కడ బీరు కాయడం ఆపేశారు. ఆ భవనం ఇప్పుడు హోటల్. పులియబెట్టే తొట్లని విట్నీకి తరలించి, 2004 నుంచి విచ్‌వుడ్ బ్రూవరీలో పాత పద్ధతిలోనే కాచారు. మంచి బీరే వచ్చింది. 2023 నవంబరులో ఆ బ్రూవరీ కూడా మూతపడింది. కంపెనీ ఉంది, పబ్బులున్నాయి, వాటి బోర్డుల మీద పేరూ ఉంది. కానీ హెన్లీ వాళ్లు తాగినట్టే ఆ 3.4 శాతం ఆల్కహాల్ ఉన్న బిట్టర్ (చేదు ఎక్కువుండే ఇంగ్లిష్ బీరు) కావాలంటే, నా దృష్టిలో ఇప్పుడు మనమే కాచుకోవాలి. కాచుకునేటప్పుడు దాన్ని ఇంకా బాగుచేద్దామని చూడకూడదు. నా వాదన అంతా ఇదే.

రెడింగ్, స్లౌ చుట్టుపక్కల స్థిరపడ్డ మనవాళ్లకి హెన్లీ అంటే జూలైలో జరిగే పడవ పందేలే. నాకు మాత్రం ఆ ఊరు ముందుగా బీరుతోనే పరిచయమైంది. తొంభైల చివర్లో ఇక్కడికి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో, మా టీంలో పెద్దాయన ఒకాయన పబ్బుకి తీసుకెళ్లి ఒక పైంట్ చేతిలో పెట్టాడు. రాగి రంగు, పల్చటి నురుగు. ముందు మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) తీపి, దాని వెనక లీలగా బటర్‌స్కాచ్, మింగాక నాలుక వెనక చాలాసేపు నిలిచే పొడిబారిన చేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి లాగర్ తప్ప ఇంకోటి ఎరగని నాకు అది పూర్తిగా కొత్త. అది కాస్క్ బీరు, అంటే పీపా బీరు. పీపాలో ఉండగా కూడా పులుస్తూనే ఉంటుంది. పబ్బు నేలమాళిగలో 12 డిగ్రీల దగ్గర ఉంచి, చేతి పంపుతో తోడి పోస్తారు. తెరిచిన పీపా మూడు నాలుగు రోజుల్లో అయిపోవాలి. చెట్టు కింద తాగిన కల్లుకీ, ఊరు దాటి వచ్చిన కల్లుకీ తేడా తెలిసినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఇంట్లో కాస్తానంటే మన వాళ్లు కొందరు కంగారుపడతారు, నాటుసారా గుర్తొచ్చి. సారా బట్టీ పెట్టి దించేది. లైసెన్సు లేకుండా ఆ పని చేస్తే ఈ దేశంలోనూ నేరమే. బీరు కేవలం పులియబెట్టేది. 1963 బడ్జెట్‌లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ ఇంటి బీరుకి లైసెన్సు అక్కర్లేకుండా చేశాడు. మన కోసం మనం కాచుకోవచ్చు, అమ్మకూడదు. ఆంధ్ర, తెలంగాణల్లో ఎక్సైజ్ చట్టాలు వేరు. సెలవులకి వెళ్లినప్పుడు అక్కడ ప్రయత్నించకండి.

బ్రాక్‌స్పియర్ రుచి ఎక్కడ పుడుతుందని అడిగితే చాలామంది హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పూలు) పేర్లు చెబుతారు. నా దృష్టిలో అది పుట్టేది కుళాయి దగ్గర. హెన్లీలో పులియబెట్టే తొట్లు పైన ఒక వరస, కింద ఒక వరస ఉండేవి. మరిగించి చల్లార్చిన వర్ట్‌ని (మాల్ట్ నానబెట్టి తీసిన తీపి నీళ్లని) పై తొట్లో పోసి ఈస్ట్ కలిపేవాళ్లు. దాదాపు పదహారు గంటలకి, నురుగు కట్టడం మొదలయ్యాక, మొత్తాన్ని కింది తొట్లోకి వదిలేసేవాళ్లు. హాప్స్ నలక, చచ్చిన ఈస్ట్ పైనే ఉండిపోయేవి. పడే ఊపుకి గాలి కలిసి, బతికున్న ఈస్ట్ మళ్లీ పుంజుకునేది. ఆ బటర్‌స్కాచ్ వాసనకి కారణమైన డయాసిటైల్ కూడా ఆ గాలి వల్లే కాస్త ఎక్కువగా పుడుతుంది. దీన్నే డబుల్ డ్రాప్ అంటారు.

ఇంట్లో దీనికి కుళాయి ఉన్న బకెట్ ఒకటి, మామూలు బకెట్ ఒకటి చాలు. సాయంత్రం ఆరింటికి ఈస్ట్ వేస్తే మర్నాడు పొద్దున పదింటికి దించొచ్చు. ఒక బకెట్ కిచెన్ గట్టు మీద, ఇంకోటి నేల మీద. పైపు తగిలించకుండా ధారగా వదిలేయాలి. కింది బకెట్లో జానెడు నురుగు లేస్తుంది, పై బకెట్ అడుగున మడ్డి అట్టకట్టి కనిపిస్తుంది. పులియడం మొదలయ్యాక బీరుకి గాలి తగలనివ్వొద్దని హోంబ్రూ పాఠాలన్నీ హెచ్చరిస్తాయి. పులిసిపోయిన బీరు విషయంలో అది అక్షరాలా నిజం. మొదటి రోజున మాత్రం ఆ ఆక్సిజన్ని ఈస్టే వాడేసుకుంటుంది. ఈ ఒక్క పని మానేస్తే అదే మాల్ట్, అవే హాప్స్‌తో ఏదో ఒక బిట్టర్ వస్తుంది, బ్రాక్‌స్పియర్ రాదు.

రెండో సంగతి చక్కెర. బీరులో చక్కెర వేయడం కల్తీ అనుకునేవాళ్లు ఉన్నారు. 1880లో బ్రిటన్ ప్రధాని గ్లాడ్‌స్టన్ పన్నుని మాల్ట్ మీంచి తీసి బీరు మీద వేశాక ఇంగ్లిష్ బ్రూవర్లు చక్కెరని ధారాళంగా వాడుకున్నారు. బిట్టర్ తేలిగ్గా, పొడిగా దిగడంలో దాని పాత్ర చాలా ఉంది. వాళ్లు వాడే ఇన్వర్ట్ షుగర్ మన వంటింటికి కొత్తదేం కాదు. పాకం గడ్డకట్టకుండా అమ్మ నిమ్మరసం పిండేది కదా, ఇక్కడ జరిగేదీ అదే. పులుపు, వేడి కలిసి చక్కెరని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొడతాయి. ముడి చక్కెరలో కొద్దిగా నీళ్లు, చిటికెడు సిట్రిక్ యాసిడ్ వేసి, 115 డిగ్రీల దగ్గర ముదురు రాగి రంగు వచ్చేదాకా సన్నని మంట మీద ఉంచాలి. గంటలు పడుతుంది. ఎండుద్రాక్ష వాసన వస్తే దించేయొచ్చు.

నీళ్ల గురించి మన కెటిల్ అడుగున పేరుకునే సున్నమే చెబుతుంది. ముందురోజు మరిగించి తేర్చుకుంటే ఆ సున్నం చాలావరకు దిగిపోతుంది. కొంచెం జిప్సం కలిపితే చేదు స్పష్టంగా పలుకుతుంది. నీళ్లలోని క్లోరిన్ పోవడానికి సగం క్యాంప్‌డెన్ బిళ్ల వేస్తే చాలు.

23 లీటర్లకి నేను వేసేది: మారిస్ ఆటర్ మాల్ట్ 3 కిలోలు, క్రిస్టల్ మాల్ట్ 200 గ్రాములు, పాకం 250 గ్రాములు. 66 డిగ్రీల్లో గంటసేపు నానబెట్టి, గంట మరిగిస్తాను. మొదట్లో ఫగుల్ హాప్స్ 55 గ్రాములు, చివరి పది నిమిషాలకి ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ 25. ఈస్ట్ వచ్చి వైఈస్ట్ కంపెనీ వాళ్ల 1275, థేమ్స్ వ్యాలీ. హెన్లీ ఈస్ట్ వంశమే అని హోంబ్రూవర్లు చెప్పుకునేది ఇదే. గ్రావిటీ (నీళ్లతో పోలిస్తే సాంద్రత) 1.035 దగ్గర మొదలై 1.009కి దిగుతుంది. ప్రెషర్ బారెల్‌లో గ్యాస్ కోసం 60 గ్రాముల చక్కెర చాలు. అంతకంటే గ్యాస్ ఎక్కువైతే చేదు కాదు, ఆ గరగరే నోటికి తెలుస్తుంది.

ఇది రుచి చూసిన ప్రతి స్నేహితుడూ ఒక సలహా ఇస్తాడు. కాస్త ఘాటు పెంచు, అయిదు శాతానికి తీసుకెళ్లు, సిట్రా హాప్స్ వెయ్యి, మామిడిపండు వాసన వస్తుంది. అలాంటి బీరు ఏ సూపర్ మార్కెట్‌లోనైనా దొరుకుతుంది. 2023 ఆగస్టులో పన్ను విధానం మారి 3.4 శాతం దాకా తక్కువ పన్ను వచ్చాక ఎన్నో పేరున్న బీర్లు ఆ అంకెకి దిగాయి. బ్రాక్‌స్పియర్ బిట్టర్ అంతకు చాలా ముందునుంచే అక్కడ ఉంది. రెండు మూడు పైంట్లు తాగినా కబుర్లు దారి తప్పకుండా ఉండాలని కాచిన బీరు అది. ఇంత తక్కువ మాల్ట్‌తో నోరు నిండే రుచి తేవడంలోనే బ్రూవర్ పనితనం ఉంది. ఘాటు పెంచితే ఆ పనితనానికి అవసరమే పోతుంది.

ఇది ఇంగ్లిష్ వాళ్ల గొడవ, మనకెందుకని ఒక మిత్రుడు అడిగాడు. పాతికేళ్లుగా ఈ థేమ్స్ నది పక్కనే ఇల్లు కట్టుకుని, ఇక్కడి నీళ్లే తాగుతున్నాం. పిల్లలు తమది ఈ ఊరే అంటారు. ఈ ఊరి రుచి ఒకటి పోతుంటే చూస్తూ ఊరుకోవడం నావల్ల కాదు.

నవంబరులో గరాజ్ 12 డిగ్రీలకి వస్తుంది, మళ్లీ ఒక బారెల్ పెడుతున్నాను. 2002కి ముందు హెన్లీలో ఈ బీరు తాగినవాళ్లు, లేదా అలాంటి పొరుగువాళ్లు తెలిసినవాళ్లు మీలో ఉంటే మా ఇంటికి రండి, వాళ్లనీ తీసుకురండి. చేదు సరిపోయిందో, ఇంకో అయిదు గ్రాముల ఫగుల్ పడాలో వాళ్లే తేల్చాలి.