నొప్పి బిళ్ల అసలు మందే కాదు

ఈ డాక్టర్లు ఊరికే కంగారు పడతారండీ. "ఏమేం మందులు వాడుతున్నారు?" అని అడిగితే మన పెద్దాయన బీపీకి టెల్మిసార్టాన్, దాంతోపాటు నీళ్ల బిళ్ల, గుండెకి ఆస్పిరిన్ 75 అని పొల్లుపోకుండా చెప్తాడు, మోకాళ్లకి రోజూ వేసుకునే డైక్లోఫెనాక్ అనే నొప్పి బిళ్ల మాత్రం ఎత్తడు. దాచడం కాదు, ఆయన లెక్కలో అది మందు కాదంతే. బిళ్లల షీటు మీద ఎర్రగీత ఉంటుంది, చీటీ లేకుండా అమ్మకూడదు అంటారు, నిజమే, కానీ మెడికల్ షాపులో కత్తెరతో నాలుగు బిళ్లలు కత్తిరించి ఇస్తే పేరున్న ముక్క షాపులోనే ఉండిపోయె, పేరే లేనిది మందెలా అవుద్ది?

కిడ్నీల గోడు కూడా విందాం, ఏకపక్షం అనకుండా. కిడ్నీలోకి రక్తం వచ్చే దారిని తెరిచి ఉంచేవి ఒంట్లోనే తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు, నొప్పి బిళ్ల వాటినే ఆపేస్తుంది. టెల్మిసార్టాన్ రక్తం బయటికెళ్లే దారిని వదులు చేస్తుంది, నీళ్ల బిళ్ల ఒంట్లో నీరు లాగేస్తుంది. మరి వడపోతకి ప్రెషర్ ఎక్కణ్నుంచి తేవాలి అంటుంది కిడ్నీ. సర్దుకోవాలమ్మా. మే నెల ఎండల్లో విరేచనాలు పట్టుకున్నా సర్దుకోవాలి. పైగా నొప్పి బిళ్ల బీపీని కూడా పెంచుతుంది, బీపీ దిగట్లేదని డాక్టరు ఇంకో బిళ్ల రాస్తాడు, మొత్తానికి అందరికీ పని దొరికింది.

ఆస్పిరిన్ సంగతి మరీ అన్యాయం. ముందే ఐబుప్రోఫెన్ అనే ఇంకో నొప్పి బిళ్ల వేసుకుంటే అది ఆర్టీసీ బస్సులో కర్చీఫ్ వేసినట్టు రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్ల మీద ఆ సీటు ఆపేస్తుంది, ఆస్పిరిన్ వచ్చి కాసేపు నిలబడి దిగిపోతుంది, గుండె మాత్రం టికెట్ తీసుకున్నాం కదా అని ధీమాగా ఉంటుంది. ఇక రక్తం పల్చబడే బిళ్ల వాడేవాళ్లకి నొప్పి బిళ్ల వల్ల కడుపులో పుండు పడి రక్తం కారితే? "గ్యాస్ బిళ్ల కూడా ఇచ్చాను కదండీ" అంటాడు షాపాయన. ఆ గ్యాస్ బిళ్ల, పాంటాప్రజోల్, కడుపుని కొంత కాస్తుంది లెండి, కిడ్నీ దాని డ్యూటీలో లేదు.

పశువులకి డైక్లోఫెనాక్ పొడిస్తే ఆ కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు పోయి గుంపులు గుంపులుగా చచ్చాయి, 2006లో పశువులకి ఆపేశారు, మనుషుల సీసాలు అటు మళ్లిస్తున్నారని 2015లో ఇంజెక్షన్ సీసా 3 మి.లీ. దాటకూడదన్నారు. రాబందులకున్న పలుకుబడి మన పెద్దాయనకి లేదు. న్యాయంగా మాట్లాడితే రాబందులు ఏ షాపుకీ వెళ్లి అడగలేదు, మనం మాత్రం "మొన్నటిదే, ఎర్రగా ఉంటది చూడు, అది ఇవ్వు తమ్ముడూ" అని అడిగి మరీ తెచ్చుకుంటాం.

రేపు రక్త పరీక్షలో కిడ్నీ సంగతి చెప్పే క్రియాటినిన్ ఎక్కువొస్తే ఏం చేయాలో తెలుసుగా, ల్యాబ్ మార్చాలి.